ఛార్జింగుకి ఛార్జీ

అత్తగారు కారు తలుపు మీద చెయ్యి వేసిందో లేదో, అల్లుడు అడ్డంగా నిలబడ్డాడు.

"ఛార్జీ ఇచ్చి ఎక్కండి అత్తయ్యగారూ."

"కంటి ఆస్పత్రిదాకా దించడానికి ఛార్జీ ఏంటి బాబూ? ఎక్కినప్పుడల్లా ఇవ్వడానికి ఇదేమన్నా సిటీబస్సా?"

"మరి ఛార్జింగ్ ఊరికే అవుతుందా? ఇంట్లో కరెంటు కాలిపోతోంది!"

ఆయన ఆడిటర్. ఊరికే నవ్వడం కూడా ఆ చదువులో నేర్పలేదు.

"నా కరెంటు బిల్లే ఈమధ్య రెండింతలొస్తోంది," అంది అత్తగారు. " మీక్కూడా ఎక్కణ్ణుంచి తెచ్చేది?"

"ఆ పాత ఫ్రిజ్ కట్టెయ్యమని ఎప్పుడో చెప్పాను."

"కట్టేసి నెలైంది!"

కింద వాటాలో అత్తగారు, పై వాటాలో కూతురూ అల్లుడూ. కేకలు విని కూతురు దిగొచ్చింది.

"మా అమ్మ దగ్గర ఛార్జీ వసూలు చేస్తున్నారా! సిగ్గుండాలి. అసలు కారుకి ఎంత కాలుతోందో ముందు తేల్చండి. ఎక్కువ పుచ్చుకున్నట్టు తేలిందో, తాళాలు మా అమ్మకిచ్చేస్తాను."

"తేలుస్తా! అణా పైసలతో సహా తేలుస్తా!"

పై వాటాలో ఫ్యాన్లు, ఫ్రిజ్, గీజరు అన్నీ ఆపేశాడు. షెడ్డులో కారుకి మాత్రం ప్లగ్గు పెట్టి, మెట్ల కింద మీటర్ల ముందు నిలబడ్డాడు. కారు ఛార్జింగ్ లైటు వెలుగుతోంది. ఆయన మీటరు మాత్రం ఉలకదు, పలకదు.

"ఆహా! ఎంత పొదుపు బండి! అసలేమీ కాలడం లేదు!" ఎగిరి గంతేశాడు.

"మరి ఇన్నాళ్ళూ మా అమ్మ దగ్గర తీసుకున్నదో?"

"అదీ... టైర్లు అరుగుతాయిగా!" నీళ్ళు నమిలాడు.

అత్తగారు మసక కళ్ళు చికిలించి పక్కనున్న తన మీటరు చూస్తోంది.

"నా వాటాలో బల్బు కూడా వెయ్యలేదు. ఇదేంటమ్మా, కుక్కలు తరుముతున్నట్టు పరిగెడుతోంది?"

అల్లుడికి అప్పుడు గుర్తొచ్చింది. షెడ్డులో ప్లగ్గు బిగించిన రోజు ఎలక్ట్రీషియన్, "ఏ వాటా లైను కలపమంటారు సార్?" అని అడిగాడు. వైరు కలిసొస్తుందని, "ఏది దగ్గరైతే అదే కలుపు, అంతా మనదే" అన్నది తనే.

"అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడం విన్నాను గానీ, అత్త సొమ్ము అత్తకే అమ్మడం ఇప్పుడే చూస్తున్నా!" అంటూ కూతురు తాళాలు లాక్కుని తల్లి చేతిలో పెట్టింది.

అల్లుడు ఇకిలించాడు. "మీదేంటి, మాదేంటి అత్తయ్యగారూ? అంతా మనదేగా! పదండి, ఆస్పత్రికి దించుతాను."

అత్తగారు దర్జాగా వెనక సీట్లో కూర్చుని, కిటికీలోంచి చెయ్యి చాపింది.

"ఛార్జీ ఇచ్చి ఎక్కండి అల్లుడుగారూ."