పసుపు గవ్వ

మడుగు ఎండిపోతోంది. ఒడ్డున నక్కలు కాచుకుని ఉన్నాయి. తూర్పుగాలి తిరగకముందే కొండ దాటాలి, లేకపోతే పిల్లల రెక్కలకు శక్తి చాలదు. అందుకే ముసలి బాతు ధవళి పొద్దున్నే అందరినీ లేపి, మెడలకు మేతమూటలు కట్టించింది.

"ఆగండి!" అన్నాడు గౌరాంగుడనే బాతు. వాడి మెడలో మూట పక్కనే పసుపు గవ్వ వేలాడుతోంది. కొండను అందరికన్నా ముందు దాటినవాళ్లకు అవతలి చెరువు కొంగలు ఇచ్చే గవ్వ అది. "గవ్వ ఉన్నవాళ్లే ముందు గాల్లోకి లేవాలి. పద్ధతి."

"సరే నాయనా, లే," అంది ధవళి.

గవ్వ వెనక్కి తిరిగిందని వాడు సరిచేసుకున్నాడు. రెక్క విప్పితే మళ్లీ తిరిగింది. మళ్లీ సరిచేసుకున్నాడు.

ధవళికి ఒళ్లు మండింది. "ఎవరికిరా చూపిస్తావు? నువ్వు గుడ్డులో ఉన్నప్పటి నుంచీ ఎరుగుదుం!"

"నీకు లేదని కుళ్లు, పెద్దమ్మా."

రెల్లు ఊగడం తగ్గింది, గాలి తిరగబోతోంది. ధవళి ఇక ఆగలేదు. పిల్లలను వెంటబెట్టుకుని లేచిపోయింది. గాలి తిరిగేలోగా అందరూ చెరువు చేరారు.

గౌరాంగుడు మాత్రం ఎదురుగాలిలో పడి, సాయంత్రానికి రొప్పుతూ వాలాడు. మెడలో గవ్వ ఒక్కటే ఉంది.

"మూటేదిరా?"

"బరువైంది. కొండమీద పారేశాను. ఆకలేస్తోంది పెద్దమ్మా."

"గవ్వ పారెయ్యలేకపోయావా?"

"అదెలా పారేస్తాను?" అంటూ వాడు పిల్లలను తోసుకుని మేత ముందు నిలబడ్డాడు. "గవ్వ ఉన్నవాళ్లకు..."

ధవళికి తిట్టే ఓపిక కూడా లేదు. ముక్కుతో వాడిని పక్కకు నెట్టి, పిల్లలకు గింజలు చల్లింది.