బోర్డు మీద ఆఖరి రాత

"ఇది ఎల్‌ఈడీనా బిడ్డా? కరెంటు పెడితె వెలుగుతదా?" అడిగింది బాలమణి.

చనిపోయిన ఆమె భర్త జహీరాబాద్‌లో నడిపిన షేర్ల ఆఫీసులో రేట్లు చూపించిన బోర్డును ఆ పూటే అటక మీంచి దించారు. పాత బోర్డులంటే పడిచచ్చే క్రాంతి కుమార్ దాన్ని చూడ్డానికి వచ్చి, అద్దం ఊడదీసి, దుమ్మునంతా గుడ్డతో గట్టిగా తుడిచేశాడు. పసుపు బిళ్ళలు టపటపా తిరగబడి నల్లగా మారాయి.

"బల్బులే లేవమ్మా! ఇది ఫ్లిప్ డాట్. ఒక్కో చుక్క ఒక్కో బిళ్ళ. కరెంటు లేకున్నా ఆఖరికి రాసింది ఏండ్లకేండ్లు అట్లనే ఉంటది!" అన్నాడు హుషారుగా.

బాలమణి ముఖం విప్పారింది. "అయితె ఉన్నట్టే! పోయేముందు రేట్లు తీసేసి నాకోసం ఏందో రాసిండట. ఆయన దోస్తు నిన్ననే చెప్పిండు. నాకు సదువు రాదు. జర సదివి చెప్పు."

క్రాంతి చేతిలోని గుడ్డను కింద పెట్టాడు. "తుడిచేసిన అమ్మా. పసుపు బిళ్ళలే అక్షరాలు, అన్నీ తిరగబడ్డయి."

"తుడిచేటప్పుడు ఒక్క అక్షరమన్న కండ్ల పడలేదా?"

"దుమ్ముల ఏం కనబడలే," అంటూ అతను అడ్డంగా తలూపాడు.

ఆమె ఆ నల్లటి బోర్డును ఒకసారి చేత్తో నిమిరింది. "పోనీలే బిడ్డా. ఎండల పడి వచ్చినవు, చాయ్ తాగి పో," అంటూ లేచింది.