జానెడు దూరం

"మాసమ్మా! ఎవరు ముట్టుకోమన్నరు వీటిని?"

సంయుక్త కేకకు అశోక్‌నగర్‌లోని ఆ అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు అదిరిపోయింది. సద్దుల బతుకమ్మకు దోమలగూడ పుట్టింటికి వెళ్ళి, రెండు రోజులుండి, అప్పుడే గడప తొక్కింది. చేతిలో సత్తుపిండి డబ్బా అలాగే ఉంది.

సకల జనుల సమ్మెతో యూనివర్సిటీ మూతపడి, ఆమె పరిశోధన కాస్తా ఇంటికొచ్చి పడింది. హాల్లో పెద్ద తొట్టి, అందులో కాకినాడ నుంచి రైల్లో తెప్పించిన సముద్రపు నీళ్ళు, ఆ నీళ్ళలో పన్నెండు ఆల్చిప్పలు. ఒకదాని తిండికి ఒకటి పోటీ పడకుండా స్కేలుతో కొలిచి మరీ జానెడు దూరంలో పేర్చింది. ల్యాబులోనూ ఇక్కడా కలిపి మూడు నెలలైనా ఒక్కటీ గుడ్లు పెట్టలేదు. ఈ నెల కూడా పెట్టకపోతే వేరే అంశం చూసుకోమని గైడు తేల్చేశాడు. పైగా ఈమధ్య ఇంట్లో బండల మీద తెల్లటి పొర పేరుకుంటోందని, అదీ ఆల్చిప్పల పుణ్యమేనని భర్త ఫణీంద్ర ఒకటే సణుగుడు.

ఇప్పుడా పన్నెండూ తొట్టిలో ఓ మూలన కుప్పగా ఉన్నాయి!

పనిమనిషి మాసమ్మ చీపురు పక్కన పెట్టి తాపీగా వచ్చింది. పాలమూరు నుంచి బతకడానికి వచ్చి, ముషీరాబాద్ బస్తీలో కాపురముంటోంది.

"నేనే జరిపిన బిడ్డా. గంతంత దూరం పెడ్తివి. ఒకదాని మొకం ఒకటి చూస్తలెవ్వు. ఇగ సంసారం ఎట్ల అయితది?"

"వాటికి సంసారం ఉండదు! ఆడది గుడ్లు, మగది బీజం నీళ్ళల్లకు వదుల్తయి. ఆ నీళ్ళల్ల అవి కలుస్తేనే పిల్లలైతయి."

"మరి దూరముంటే యాడ కలుస్తయి? మా ఒక్క అర్రల తొమ్మిది మందిమి ఉంటం. నాకు నలుగురు పిల్లలు కాలేదా?"

అంత కోపంలోనూ సంయుక్తకు నవ్వొచ్చింది. తొట్టి వైపు మళ్ళీ చూసేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. నీళ్ళు మరీ తేటగా ఉన్నాయి.

"నీళ్ళు మార్చినవా?"

"పొద్దుగాల మార్చిన. పాల లెక్క తెల్లగైనయి. తెల్లబడ్తే ఏదో సచ్చినట్టు, ఎంబడే మార్చమని నువ్వే చెప్తివి గద."

"మరి ఏదన్న చచ్చిందా?"

"ఒక్కటి గూడ సావలే. మంచిగ నోర్లు తెరుస్తున్నయి."

సంయుక్త కుర్చీలో కూలబడింది. ఏదీ చావలేదంటే ఆ తెల్లదనం ఏమిటో ఆమెకు తెలుసు. పక్కపక్కనే చేరగానే అన్నీ ఒక్కసారి గుడ్లు, బీజం వదిలాయి. మూడు నెలల చదువు చెయ్యలేని పని మాసమ్మ చెయ్యి చేసేసింది. పాత నీళ్ళు మోరీలో పారబోయమని మొదటిరోజే చెప్పింది తనే. ఎవర్నని తిడుతుంది?

"అవి వట్టి నీళ్ళు కాదు మాసమ్మా. పిల్లలు. లక్షల పిల్లలు!" అంటూ బావురుమంది.

మాసమ్మ నోరు నొక్కుకుంది. కాసేపు అటూ ఇటూ చూసి, సంయుక్త రెక్క పట్టుకుని బాత్రూంలోకి లాక్కెళ్ళి, మూలనున్న నీలం డ్రమ్ము మూత తీసింది.

డ్రమ్ములో సగం దాకా మజ్జిగలాంటి తెల్లటి నీళ్ళు!

సంయుక్త ఆనందం పట్టలేక మాసమ్మను గట్టిగా వాటేసుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియడం లేదు. "నేను మోరీల పారబొయ్యమన్న గద!"

మాసమ్మ తప్పు చేసినదానిలా తల దించుకుంది.

"తిట్టకు బిడ్డా. పాలమూరోళ్ళకు నీళ్ళు పారబొయ్య చేతులు రావు. ఇన్నొద్దులు మీ ఇంట్ల బండలు తుడిసింది గీ నీళ్ళతోనే."