కుబుసం తొడుక్కున్న పేరమ్మ

మా కుంటలో దోమ కూడా కాకంత ఉంటది, మీ ఊరి దోమల్లా కాదు. ఆ కుంటలోనే పేరమ్మ అనే ముసలి కప్ప ఉండేది. ఒళ్ళంతా ముడతలే. ఒకరోజు గట్టు మీద తొండ డాక్టరు దగ్గరికెళ్ళింది.

"డాక్టరుగారూ, ఈ ముడతలు పోవాలయ్యా! రేపు మనవరాలి పెళ్ళిలో దాన్నీ నన్నూ చూసి అక్కచెల్లెళ్ళనుకోవాలి."

తొండ అన్నీ తెలిసినట్టు తల ఊపింది. దానికి తల ఊపడం తప్ప ఏ వైద్యమూ రాదు. కంపలో పాము విడిచిన కుబుసం ఒకటి పీక్కొచ్చి, "ఇది తొడుక్కో మామ్మా, కొత్త చర్మం. పదహారేళ్ళ పడుచువైపోతావ్" అంది.

పేరమ్మ అది తొడుక్కుని కులుక్కుంటా పెళ్ళికొచ్చింది. చూడగానే "పామురోయ్!" అని పెళ్ళివారంతా నీళ్ళలో దూకారు. పెళ్ళికొడుకైతే ఇక్కడ మునిగి పక్కూరి కుంటలో తేలాడు. నేను చూశా కాబట్టి చెప్తున్నా.

ఆ కేకలకి ముంగిస వచ్చి పేరమ్మ మెడ పట్టేసింది.

"నేను పాముని కాదు నాయనా, కప్పని!"

"దొరికిన ప్రతి పామూ అదే చెప్తది."

పేరమ్మ గబగబా కుబుసం చింపుకుని మొహం బయటపెట్టింది. "ఇదిగో, చూడు! ఇన్ని ముడతలు ఏ పాముకున్నాయిరా?"

ముంగిస అటూ ఇటూ తిప్పి చూసి వదిలేసింది. "పో మామ్మా, నిన్ను నమిలితే నా పళ్ళు రాలిపోతాయి."

అంత పొగడ్త పేరమ్మ పుట్టాక వినలేదు. పక్కూరి కుంట నుంచి పెళ్ళికొడుకుని పట్టుకొచ్చి మళ్ళీ మొదలెట్టిన పెళ్ళిలో ముందు వరసలో కూర్చుని, అడిగినోళ్ళకీ అడగనోళ్ళకీ తన ముడతలు చూపించింది.