మొదటి ముద్ద

"అత్తయ్యగారూ, వీడు నన్ను కరిచేశాడండీ!"

కొత్తావకాయ జాడీకెత్తాక బేసినుకంటిన గుజ్జులో వేడన్నం కలుపుతున్న రత్నమాణిక్యం తలెత్తింది. కోడలు దుర్గ చెయ్యి చూపిస్తోంది. నాలుగేళ్ళ మనవడు పండు కాళ్ళు నేలకేసి బాదుతున్నాడు.

"మొదటి ముద్ద నాకే!"

"ఊరికే కరిచాడా?"

"ముందు నేనే గిల్లాననుకోండి. బేసిను దగ్గర నా చోట్లో కూర్చున్నాడు మరి!"

"వీధిలో పిల్లలందర్నీ కొట్టొస్తున్నాడు. బుద్ధి చెప్పాల్సిన దానివి, వాడితో సమానంగా దెబ్బలాట ఏంటే?"

దుర్గ కళ్ళు బేసిను మీదే ఉన్నాయి.

పదో తరగతి పరీక్షలు కాగానే తనే పట్టుబట్టి తెచ్చుకున్న పిల్ల. ఈ ఇంటికొచ్చాక దానికి ముద్ద కలిపి పెట్టిన చెయ్యేదీ? వచ్చిన ఏడాదికే చంకలో బిడ్డ.

"ఇలా కూర్చో. నోరు తెరు."

"నాకాండీ?"

"నీకే."

మొదటి ముద్ద కోడలి నోట్లో పెట్టి, మనవడి రంకె కోసం కాచుకుంది రత్నమాణిక్యం.

పండు ఏడవలేదు. తల్లి ముఖంలోకి వింతగా చూశాడు.

"కారంగా ఉందామ్మా?"

నోటి నిండా ముద్దతో దుర్గ పకపకా నవ్వింది. వాడు దాని పక్కన చేరి, బుద్ధిగా నోరు తెరిచాడు. దుర్గ కూడా మళ్ళీ తెరిచింది.

"తోసుకోకండర్రా," అంది రత్నమాణిక్యం, "ఇద్దరికీ ఉంది!"