ముందు నువ్వెళ్లు

“ఈసారి ముందు అక్క వెళ్లాలి. నేను వెళ్లను గాక వెళ్లను.”

సిమి వాళ్లమ్మ ఫోన్ని బట్టల మూట మీద పడేసి, చేతులు కట్టుకుని కూర్చుంది.

మా ఇబదాన్ ఊళ్లో, ఓజె బజారులో, ఆ అక్కచెల్లెళ్ల నేతబట్టల కొట్టు తెలియనివాళ్లు లేరు. అక్క దాయో వాళ్లమ్మ. చెల్లెలు సిమి వాళ్లమ్మ. అసలు పేర్లేమిటంటారా? మా దగ్గర బిడ్డ పుట్టగానే తల్లి పేరు అటకెక్కుతుంది. మళ్లీ దించేవాళ్లుండరు.

కొట్టు ముందు నర్సు మొరేనికే చెమటలు కక్కుతూ నిలబడింది. అరవై దాటినవాళ్ల ఆరోగ్యం, అలవాట్ల మీద యూనివర్సిటీ వాళ్లు ఫోన్లోనే ఒక పరిశోధన మొదలుపెట్టారు. చేరినవాళ్లకి ఏడాది పాటు ప్రతి సోమవారం ప్రశ్నలొస్తాయి. ఏం తిన్నారు, ఎంత నడిచారు, నిద్ర పట్టిందా. బజారులో మనుషుల్ని చేర్పించే పని మొరేనికేది. నాలుగింటికి చేర్చుకోవడం ఆపేస్తారు. ఇంకా రెండే ఖాళీలున్నాయి. టైము మూడున్నర దాటింది.

“దాయో వాళ్లమ్మా, రెండు నిమిషాల పనమ్మా. నీకు దణ్ణం పెడతా.”

“నాదేముంది తల్లీ? మా చెల్లి వెళ్లాక నేనెళ్తా. మొదట్నించీ మా ఇంట్లో పద్ధతి అది.”

పద్ధతంటే పద్ధతే. కొత్తదేదైనా సరే, ముందు చెల్లెలు దిగాలి. బాగుంటే కేకెయ్యాలి. అప్పుడు గానీ అక్క కదలదు. బడి గడప ముందు చెల్లెలే తొక్కింది. కిరాయి మోటారు సైకిలు ముందు చెల్లెలే ఎక్కింది. “మొగుడనేవాడు ఎలా ఉంటాడో చూసి చెప్పవే” అని పెళ్లికి కూడా దాన్నే ముందు తోసింది. చెల్లెలు చూసి, “ఫరవాలేదే అక్కా, గురకొక్కటే” అన్నాక, ఆర్నెల్లకి అక్క చేసుకుంది.

ఇంత చేసినా పెద్దరికం మాత్రం అక్కదే. రోజూ పొద్దున్నే చెల్లెలు మోకాళ్లు వంచి దణ్ణం పెట్టాల్సిందే. కూరలో మంచి ముక్క అక్క పళ్లెంలో పడాల్సిందే.

“నీకు వంగీ వంగీ నా మోకాలి చిప్పలు అరిగిపోయాయి,” అంది సిమి వాళ్లమ్మ. “కరోనా సూది ముందు నాకే పొడిపించావు. ఆ కొత్త హోటల్లో నత్తల కూర ముందు నాతోనే తినిపించావు. మూడు రోజులు మంచం దిగలేదు నేను! ఇక చాలు. ఈ ఒక్కసారి నువ్వు ముందెళ్లి కేకెయ్. నేను వినాలి.”

“పెద్దదాన్ని పట్టుకుని ఆ మాటలేంటే?”

“పెద్దదానివైతే పెద్దదానిలా ముందు నడువు!”

బజారంతా గొల్లుమంది. ఎదురు కొట్టులో పూసలమ్మే తుండె వాళ్లమ్మకి ఇంతకన్నా మంచి సమయం దొరకదు.

“నన్నయితే మొన్న సోమవారమే అడిగారమ్మా, రాత్రి నిద్ర పట్టిందా అని,” అంటూ పూసలు గలగలలాడించింది. “ఎంత ముద్దుగా అడిగారో!”

ఆ మాట సిమి వాళ్లమ్మకి గుండెలో కలుక్కుమంది. మొగుడు పోయి ఎనిమిదేళ్లు. ఆ గురక ఆగిపోయినప్పట్నించీ ఆవిడకి సరైన నిద్ర లేదు. పట్టిందా అని అడిగే నాథుడూ లేడు. ఆ ఒక్క ప్రశ్న కోసమే ఇందులో చేరాలని ఆవిడ ప్రాణం కొట్టుకుంటోంది. కానీ పంతం పంతమే.

మూడూ నలభై అయిదు. అక్క లంచానికి దిగింది. ఆకు విప్పి, పొగలు కక్కుతున్న అలసందల మొయిమొయి ముందుకు తోసింది.

“తినవే. గుడ్డున్న ముక్క నీకే.”

“ముందు నువ్వు తిని ఎలా ఉందో చెప్పు. తర్వాత నేను తింటా.”

అక్క నోరు వెళ్లబెట్టింది. బుద్ధెరిగిన దగ్గర్నించీ ఆవిడతో ఎవరూ ఆ మాట అనలేదు.

మూడూ యాభై రెండు. మొరేనికే నెత్తి పట్టుకుంది. “మీ పంతాల మధ్య నేను చచ్చేలా ఉన్నాను. ఆ రెండు ఖాళీలూ పక్క బజారు వాళ్లకి ఇచ్చేస్తా మరి!”

“పక్క బజారుకా?” అక్కచెల్లెళ్లు ఒక్క గొంతుతో అరిచారు.

సిమి వాళ్లమ్మ ఇక ఉండలేకపోయింది. “ఛీ, నా బతుకే ఇంత!” అని మూట మీది ఫోను తీసి మొరేనికే చేతిలో పెట్టింది. పేరు, ఊరు, పుట్టినరోజు గడగడా చెప్పింది. మొరేనికే టకటకా కొట్టింది. తెర మీదికి మొదటి ప్రశ్న వచ్చింది. రాత్రి బాగా నిద్ర పట్టిందా?

“ఎలా ఉందే?” అక్క దూరం నుంచే మెడ సాచింది. “నొప్పేమన్నా పెడుతోందా?”

సిమి వాళ్లమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మరుక్షణం బజారు దద్దరిల్లేలా కేకేసింది. “అక్కోయ్! బాగుందే! వచ్చెయ్!”

దాయో వాళ్లమ్మ మూటల మీంచి దూకినంత పని చేసింది. మూడూ యాభై ఏడు. మొరేనికే ఆవిడ వివరాలూ కొట్టింది. ఫోను ఒప్పుకోలేదు. తెరంతా ఎర్ర అక్షరాలు.

“ఈ మనిషి ఇందాకే చేరిందిగా, మళ్లీ ఎందుకొచ్చింది అంటోంది,” అంది మొరేనికే.

సిమి వాళ్లమ్మ మొరేనికే చెయ్యి పట్టుకుంది. “అక్క లేకుండా నేనొక్కదాన్నీ ఉండను. నా పేరూ కొట్టెయ్!”

“అయ్యో, ఆగమ్మా!” మొరేనికే ఏదో గడి నొక్కింది. ఎర్ర అక్షరాలు పోయి ఇంకో ప్రశ్న వచ్చింది. “తొందరగా చెప్పండి, ఒక్క నిమిషముంది. మీ ఇద్దరిలో ముందు పుట్టిందెవరు?”

“అదీ అడగాలా, మా చెల్లెలే,” అంది అక్క దర్జాగా, “మనలో కవలల్లో వెనకొచ్చిందేగా పెద్దది, అమ్మ కడుపులోంచి దాన్ని నేనేగా ముందు పంపింది, లోకం ఎలా ఉందో చూసి చెప్పమని, అది కేకేశాక పావుగంటకి నేనూ వచ్చేశాను.”