మూడో గుత్తి

"ఇదిగో, నీ వరసలో, నీ వైపుదే. రెండోది!" అంటూ ఆన్సెల్మ్ ద్రాక్ష గుత్తిని అరసెలి ముక్కు ముందు ఊపాడు. "మా అమ్మకు దొరికింది."

తోట ఆన్సెల్మ్‌ది. వెనకాలే చేతికర్రతో ఆయన తల్లి లియోంటీన్ మామ్మ నిలబడి ఉంది. ఎనభై ఏళ్లొచ్చినా కోతవాళ్ల వెనక వరస వరసా తిరిగి, పాదుకు వదిలేసిన గుత్తులు వెతకడం ఆవిడ పనే. దొరికిన గుత్తిని వదిలినవాళ్ల మొహాన పిండడం ఫ్రాన్సులోని ఈ బర్గండీ తోటల్లో ఆనవాయితీ. మామ్మ దాన్ని అందుకుని మొహమాటపడకుండా పిండింది. నుదుటి నుంచి గడ్డం దాకా నల్లటి రసం కారింది. ముప్పైమంది కూలీలూ విరగబడి నవ్వారు.

"నేను వదల్లేదండీ. ప్రతి పాదూ రెండుసార్లు చూశాను," అంది అరసెలి కళ్లు తుడుచుకుంటూ.

"అయితే గుత్తి దానంతటదే నడిచొచ్చి పాదెక్కిందా? స్పెయిన్ నుంచి ఇంతదూరం వచ్చింది ఆకులు లెక్కపెట్టడానికా? మూడోది దొరికిందో, మూటాముల్లె సర్దుకో!"

అందరూ నవ్వుకుంటూ పనిలో పడ్డారు. అరసెలికి మాత్రం నవ్వు రాలేదు. ఇంకా పన్నెండు రోజుల కోత ఉంది. ఈ కోత మీదే తన పురుడు గడవాలి. ఆమెకిప్పుడు ఐదో నెల. ఆ సంగతి బయటపడితే ఆన్సెల్మ్ ఒక్క పూట ఉంచుకోడు. అందుకే మొగుడి చొక్కా వదులుగా తొడుక్కుని తిరుగుతోంది.

ఎవరో కావాలనే చేస్తున్నారు. ఎవరు?

ఆమె కళ్లు వియోరికా మీద పడ్డాయి. రొమేనియా మనిషి. వరసకు అటు వియోరికా, ఇటు అరసెలి, ఇద్దరూ ఒకే పాదును ఎదురెదురుగా కోస్తారు. ఆకుల చాటున అవతలి చెయ్యి ఏం చేస్తోందో ఎవరు చూడొచ్చారు? వియోరికా చెల్లెలు పని కోసం ఊళ్లో కాచుకుని కూర్చుంది. మొన్న షెడ్డు వెనక తను వాంతి చేసుకుంటుంటే చూసింది కూడా ఈ వియోరికాయే. అప్పట్నించీ దీని చూపు అస్తమానం తన కడుపు మీదే. దొంగమొహంది!

మర్నాడు అరసెలి కత్తెరకన్నా కళ్లకే ఎక్కువ పని చెప్పింది. వియోరికా వంగితే వంగింది, లేస్తే లేచింది.

"ఏంటే, నా మొహంలో కోతులాడుతున్నాయా?" అంది వియోరికా.

"ఏం లేదు. నీ చేతులు కాస్త కనబడేలా పెట్టుకో."

"పిచ్చి ముదిరింది నీకు!" అంటూ వియోరికా తన బకెట్‌తోపాటు అరసెలి నిండు బకెట్ కూడా లాక్కుని ట్రాక్టరు దగ్గరికి పోయింది.

నా బకెట్‌తో దీనికేం పని? అరసెలి అనుమానం రెట్టింపయింది. వరస అయిపోగానే వెనక్కి నడిచి, మోకాళ్ల మీద కూలబడి, రెండువైపులా ఆకులెత్తి మరీ చూసింది. ఒక్క పండు లేదు. హమ్మయ్య అనుకుంది.

భోజనాల గంట కొట్టారు. వరస పైకొస నుంచి లియోంటీన్ మామ్మ కర్ర ఊతంగా దిగి వచ్చింది. చేతిలో గుత్తి!

"ఏడో వరస. మళ్లీ ఈ పిల్ల వైపుదే," అంది కొడుకుతో.

అరసెలికి ఒళ్లు మండిపోయింది. వియోరికా మీదికి దూకింది. "నువ్వే! నీ చెల్లెల్ని తెచ్చిపెట్టుకోవడానికి నన్ను వెళ్లగొట్టిస్తావా?"



"నేనా? వారం నుంచీ నీ బకెట్లు మోసి చస్తున్నది ఎవరే? నీ ఒంట్లో బాగాలేదనే కదా మోస్తున్నాను!" అంది వియోరికా.

అరసెలి సిగ్గుతో తల దించుకుంది. అప్పుడు కనబడింది, మామ్మ చేతిలోని గుత్తి తొడిమ. కొస గోధుమరంగుకు తిరిగి ఎండిపోయింది. ఇప్పుడే పాదునుంచి కోసిందయితే పచ్చగా, తడిగా ఉండాలి. ఇది నిన్న కోసినది!

అరసెలి తలెత్తింది. మామ్మ చప్పున తొడిమను గుప్పిట్లో మూసేసింది.

"సాయంత్రం బస్సుకు బయల్దేరు," అన్నాడు ఆన్సెల్మ్.

"బస్సేంట్రా?" మామ్మ కస్సుమంది. "ముప్పైమందికి బంగాళాదుంపలు నువ్వు చెక్కుతావా? నా వేళ్లు వంకర్లు పోయి కత్తి పట్టలేక చస్తున్నాను. గుడ్డిదానికైనా చెక్కడం చేతనవుతుంది. కోత అయ్యేదాకా దీన్ని నా వంటింట్లో పారెయ్. కూలి మామూలే."

తల్లికి ఎదురుచెప్పే ధైర్యం ఆన్సెల్మ్‌కు లేదు. గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

వంటింట్లోకి రాగానే మామ్మ తలుపు గడియ పెట్టింది. ఈ ముసలిది ఇంకా ఏం చేయబోతోందో! అరసెలి గోడకు ఆనుకుని నిలబడింది.

"ఆ తొడిమ చూశాను మామ్మగారూ. గుత్తి మీరే నిన్న కోసి దాచారు. మూడూ మీ పనే. నేను మీకేం ద్రోహం చేశాను?"

"అరవకు. వాడు వింటాడు." మామ్మ మెత్త వేసిన కుర్చీ ముందుకు జరిపింది. "కూర్చో. కడుపు నొక్కుకోకుండా, ఇలా వెనక్కి ఆనుకో. ఐదో నెలా?"

అరసెలి కూర్చుండిపోయింది.

"వాడికి చెబితే నిన్ను పంపేస్తాడు. చెప్పకపోతే నువ్వు బకెట్లు ఎత్తుతూనే ఉంటావు. మానెయ్యమంటే మానతావా? మానవు. నీ వయసులో నేనూ మానలేదు."

మామ్మ బంగాళాదుంపల బుట్ట ఆమె పక్కన పెట్టి, కిటికీలోంచి ఏడో వరస వైపు చూసింది.

"ఆ సంవత్సరం నా వరసలోనూ ఎవరైనా ఇలా మూడు దొంగ గుత్తులు పెట్టి ఉంటే, మా ఆన్సెల్మ్‌కు ఒక అక్క ఉండేది."